పాత కారుకు ఎడమ దిక్కు సైడ్ మిర్రర్ బిగించడం ఎలా? (పద్మినికైనా, ఫైబర్ బాడీ టూ సీటర్‌కైనా)

"అన్నా, ఎడమ దిక్కు అద్దం ఎందుకే? ఇన్నేండ్లు లేకుండనే నడిపినం గద!"

నా పాత ప్రీమియర్ పద్మిని కారు పక్కన నిలబడి ఈ మాట అనని మనిషి నల్లగొండలో తక్కువ. మళ్లీ నెల తిరగకముందే వాళ్లలో సగం మంది ఫోన్ చేసి, "అది ఎట్ల బిగించినవో జర చెప్పు" అంటారు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది కాబట్టి మొత్తం ఒకచోట రాసి పెడుతున్నా.

ఎందుకంటారా? నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి ఒక లారీని దాటండి. దాటాక ఎడమ వరుసలోకి తిరిగి రావాలి కదా. అప్పుడు లోపలి అద్దంలో లారీ ముఖం కనిపిస్తుంది గానీ, లారీకీ మీకూ మధ్య దూరిన బైకు కనిపించదు. ఊళ్లోనైతే ఆటో ఎడమ నుంచే వస్తుంది. మన పాత కార్లు చాలావాటికి కుడి దిక్కు ఒక్క అద్దమే ఉండేది. ఎడమది పెట్టుకుంటే పెట్టుకున్నట్టు, లేకుంటే లేనట్టు.

నేను రాసేది రెండు రకాల కార్లకు పనికొస్తుంది. ఒకటి రేకు డోరు ఉన్న పాతవి: పద్మిని, దానికి ముందటి ఫియట్ 1100, అంబాసిడర్, పాత మారుతి 800. రెండోది ఫైబర్ బాడీ ఉన్న చిన్న స్పోర్ట్స్ కార్లు. గోవాలో తయారైన శాన్ స్టార్మ్ అలాంటిదే: రెండు సీట్లు, పైకప్పు గుడ్డది. మహబూబ్‌నగర్‌లో నా దోస్తు దగ్గర ఒకటుంది. దాని అద్దం ఇద్దరం కలిసి బిగించాం, అక్కడ నేర్చుకున్నవీ కలిపి చెబుతున్నా.

ముందే ఒక మాట. రంధ్రం పెట్టడం పది నిమిషాల పని. ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడం ఒక పూట పని. డ్రిల్ మెషిన్‌ను మూడో అడుగు అయ్యేదాకా సంచీలోంచి తీయకండి.

కావలసినవి

- ఎడమ వైపు సైడ్ మిర్రర్, దాని కింద వేసే రబ్బరు షీటు
- 5 మిల్లీమీటర్ల స్టీలు బోల్టులు, వెడల్పు వాషర్లు, లోపల ప్లాస్టిక్ రింగు ఉండే లాక్ నట్లు (మిర్రర్‌తో వచ్చే స్క్రూలు చాలాసార్లు తుప్పు పట్టే రకం, వాటిని పక్కన పడేయండి)
- అరచేతిలో సగం ఉండే 2 మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్క
- డ్రిల్ మెషిన్, 3, 5.5 మిల్లీమీటర్ల బిట్లు, సెంటర్ పంచ్ (బిట్టు జారకుండా రేకు మీద చిన్న గుంట చేసే మొనదేలిన కడ్డీ), చిన్న సుత్తి
- కాగితం టేపు, మార్కర్, కొలతల టేపు, గట్టి అట్టముక్క
- సన్న ఆకురాయి, కొంచెం ప్రైమర్, మీ కారు రంగు, సన్న బ్రష్
- సైలికాన్ గమ్ము, అయస్కాంతం, పాత బట్టలు
- ఓపికున్న ఇంకో మనిషి. ఇది తప్పనిసరి.

డ్రిల్ మెషిన్ కొననక్కర్లేదు, తెలిసిన వడ్రంగిని అడిగితే ఇస్తాడు. కానీ దాని మీద సుత్తి బొమ్మ ఉన్న స్విచ్ ఉంటే చూసుకోండి. గోడలకు వాడే ఆ హ్యామర్ మోడ్‌లోనే ఉంచి రేకు మీద పెడితే బిట్టు ఎగిరెగిరి చుట్టూ పెయింట్‌ను కొరికేస్తుంది. మొదట ఆ స్విచ్ మార్చండి, తర్వాతే మిగతా పని.

1. సరైన మిర్రర్ కొనండి

గుండ్రటి మిర్రర్ రెండు దిక్కులా పనికొస్తుందని దుకాణాదారు చెబుతాడు. నమ్మే ముందు చేతిలో పట్టుకుని చూడండి. కింది దిమ్మె అడ్డంగా సమంగా ఉంటే నిజమే. దిమ్మె ఏటవాలుగా ఉంటే అది ఒక్క దిక్కుకే సరిపోతుంది. కుడిది తెచ్చి ఎడమకు పెడితే అద్దం ఆకాశాన్నో రోడ్డునో చూస్తుంది, ఎంత తిప్పినా దారికి రాదు.

దుకాణంలోనే ఇంకో మూడు చూడండి. అద్దం లోపలికి బాగా తిరుగుతుందా? డ్రైవర్ ఎడమ మిర్రర్‌ను దూరం నుంచి, ఏటవాలుగా చూస్తాడు, కాబట్టి కుడిదానికంటే ఇది ఎక్కువ తిరగాలి. అద్దం ఉబ్బెత్తుగా ఉందా? ఎడమకు అదే మేలు, చదునైన అద్దంలో సందంత మాత్రమే కనిపిస్తుంది. తగిలితే మడుచుకుంటుందా? నల్లగొండ ప్రకాశం బజారులో ఒక్క సాయంత్రం తిరిగితే మడుచుకునే మిర్రర్ విలువ తెలుస్తుంది.

ఇక్కడ దొరకకపోతే హైదరాబాద్ పుత్లీబౌలిలో స్పేర్ పార్టుల దుకాణాలు వరుసగా ఉంటాయి. అక్కడికి పోతే మీ కుడి మిర్రర్ ఫొటో, దిమ్మె పొడవు వెడల్పుల కొలత తీసుకుపోండి. జత దొరికితే జతే కొనండి, రెండు దిక్కులా ఒకే రూపం ఉంటే పాత కారుకు అందం.

2. డ్రైవర్ సీట్లో కూర్చుని చోటు వెతకండి

కారును సమతలంగా ఉన్న చోట ఆపండి. సీటును మీరు రోజూ నడిపే చోటికి జరుపుకుని, రోజూ కూర్చున్నట్టే కూర్చోండి. పరీక్షకు కూర్చున్నట్టు నిటారుగా కాదు. మీకంటే పొడవో పొట్టో అయినవాళ్లు ఆ కారు నడుపుతుంటే వాళ్లనూ ఒకసారి కూర్చోబెట్టండి.

మీ మనిషి బయట నిలబడి మిర్రర్‌ను డోరు మీద పట్టుకోవాలి. దిమ్మె కింద మడిచిన బట్ట పెట్టమనండి, లేకపోతే పెయింట్ గీసుకుపోతుంది. మొదట డోరు ముందంచు దగ్గర పెట్టించి, రెండు వేళ్ల వెడల్పు చొప్పున వెనక్కి జరిపిస్తూ పోండి. ప్రతిచోటా అద్దాన్ని మీ వైపు తిప్పించి, వెనక రోడ్డు కనిపిస్తోందా చూడండి.

పద్మినిలో ఇక్కడే అసలు తిప్పలు. ముందు గ్లాస్ పక్క స్తంభం ఒకటి, దాని వెనక తిప్పితే తెరుచుకునే చిన్న మూడు మూలల గ్లాస్ ఒకటి, ఆ గ్లాస్‌కు నిలువు పట్టీ ఒకటి. మిర్రర్ మరీ ముందుంటే స్తంభం కమ్ముతుంది. మధ్యలో పెడితే నిలువు పట్టీ సరిగ్గా అద్దం నడుమ అడ్డొస్తుంది. నా కారుకు మూడు మూలల గ్లాస్ మధ్యలోంచి కనిపించే చోటు దొరికింది. మీకూ అదే కుదరాలని లేదు, మీ ఎత్తును బట్టి, సీటును బట్టి మారుతుంది.

కుడి దిక్కు కొలత తీసుకుని ఎడమకు అచ్చంగా దించేస్తే సరిపోతుందని అందరూ అనుకుంటారు. సరిపోదు. కుడి మిర్రర్ మీ భుజం పక్కనుంటుంది, ఎడమది ఇంకో మనిషికి అవతల ఉంటుంది. ఎడమది కాస్త ముందుకుంటే తల తక్కువ తిప్పుతారు. బయట నుంచి చూసేవాడికి ఒకటి రెండు అంగుళాల తేడా కనిపించదు.

చోటు దొరికాక కాగితం టేపుతో గుర్తు పెట్టి, ఇవి చూడండి:

పక్క సీట్లో మనిషిని కూర్చోబెట్టండి. ముందు పొడవాటి బెంచీ సీటున్న పాత ఫియట్ అయితే ఇద్దరిని కూర్చోబెట్టండి, పెళ్లికి పోయేటప్పుడు ఎట్లా ముగ్గురెక్కుతారు! వాళ్ల మోకాళ్లు, భుజాలు అడ్డొస్తే చోటు ఇంకాస్త ముందుకు జరపాలి.

చిన్న మూడు మూలల గ్లాస్ పూర్తిగా తెరవండి. అది మిర్రర్‌కు తగలకూడదు. డోరు పూర్తిగా తెరవండి. ముందు డోరు వెనక్కి తెరుచుకునే పాత ఫియట్లలో డోరు ముందంచు దూరంగా బయటకొస్తుంది. ఇంటి గోడ పక్కన నిలిపే అలవాటుంటే మిర్రర్ పోయి గోడకు కొట్టుకుంటుంది.

శాన్ స్టార్మ్ లాంటి టూ సీటర్‌లో సీటు బాగా కిందికుంటుంది, కన్ను కూడా కిందే. మిర్రర్‌ను డోరు పైఅంచుకు దగ్గరగా, ముందు గ్లాస్ స్తంభానికి ఆనుకున్నట్టు పెడితేనే ఫలితం. పైకప్పు తీసి ఒకసారి, వేసి ఒకసారి చూడటం మరవద్దు. మేము తీసి చూసి మురిసిపోయాం. వానొచ్చి కప్పు వేశాక సగం అద్దం గుడ్డ వెనక దాక్కుంది. అప్పటికింకా రంధ్రాలు పెట్టలేదు కాబట్టి బతికిపోయాం.

డోరు మీద ఎక్కడా కుదరకపోతే మడ్‌గార్డు మీద పెట్టొచ్చు. పాత ట్యాక్సీల మీద చూసే ఉంటారు. తల తిప్పాల్సిన అవసరం ఉండదు, కంటి కొసతో కనిపిస్తుంది. కానీ అద్దం దూరమై బొమ్మ చిన్నదవుతుంది, కూర్చుని సర్దుకోవడానికి చెయ్యి అందదు, కారు తుడిచే ప్రతి ఒక్కరూ దాన్ని కదిలిస్తారు. నాకైతే డోరే నచ్చుతుంది.

3. డోరు లోపల ఏముందో చూడండి

లోపలి డోర్ ప్యాడ్ ఊడదీయండి. గ్లాస్ తిప్పే హ్యాండిల్‌కు కొన్ని కార్లలో స్క్రూ, కొన్నిటిలో చిన్న పిన్నో క్లిప్పో ఉంటుంది. పిన్ను ఎగిరిపోయి ఎక్కడో పడుతుంది, కింద బట్ట పరిచి తీయండి. ప్యాడ్ అట్ట పాతబడి పెళుసుగా ఉంటుంది, ఒక మూల పట్టి గుంజితే చిరుగుతుంది. ప్రతి క్లిప్పు పక్కన చదునైన స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్కొక్కటే లేపాలి.

టార్చి వేసి చూడండి. మీరు గుర్తు పెట్టిన చోటు వెనక గ్లాస్ దిగే పట్టీ ఉందా? తాళం కడ్డీ పోతోందా? ఉంటే అటో ఇటో జరపాల్సిందే.

ఇప్పుడు గ్లాస్‌ను పూర్తిగా పైకెత్తండి. ఇది మామూలు మాటగా తీసుకోకండి. నా మొదటి ప్రయత్నంలో ఎండకు గ్లాస్ దించుకుని, హుషారుగా డ్రిల్ పెట్టాను. బిట్టు రేకును దాటి ఒక్కసారి లోపలికి దూకింది. డోరులో మక్క పేలాలు పోసిన చప్పుడు. గ్లాస్ మొత్తం పొడిపొడి. పద్మిని డోరు గ్లాస్ కోసం నేను తిరిగిన దుకాణాలు లెక్కపెట్టలేదు.

4. గుర్తు పెట్టి రంధ్రాలు వేయండి

దిమ్మెను అట్టముక్క మీద పెట్టి చుట్టూ గీసి, రంధ్రాలు గుర్తించి కత్తిరించండి. డోరు మీద కాగితం టేపు రెండు వరుసలు అంటించి, అట్టను దాని మీద పెట్టి చుక్కలు పెట్టండి. అట్టను తిరగేసి పెట్టకండి, రంధ్రాలు అటుఇటు అవుతాయి. చుక్కలు పెట్టాక మిర్రర్‌నే దాని మీద ఆనించి, మళ్లీ వెళ్లి సీట్లో కూర్చుని చూడండి. అవును, మళ్లీ.

మన మే నెల ఎండలో మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి. రేకు కాలి, టేపు గమ్ము కరిగి పెయింట్‌కు పట్టుకుంటుంది. పొద్దున్నే మొదలుపెట్టి, టేపును అదే రోజు తీసేయండి.

రేకు డోరైతే: చుక్క మీద సెంటర్ పంచ్ పెట్టి సుత్తితో ఒక్క చిన్న దెబ్బ. గట్టిగా కొడితే సొట్ట పడుతుంది. 3 మిల్లీమీటర్ల బిట్టుకు కొస నుంచి సెంటీమీటరు వదిలి టేపు చుట్టండి, అంతకంటే లోపలికి పోకుండా అదే హద్దు. మెల్లగా తిప్పుతూ, ఒత్తకుండా పోనివ్వండి. తర్వాత 5.5 బిట్టుతో పెద్దది చేయండి. మొదట ఒక్క రంధ్రమే వేయండి. బోల్టు పెట్టి, మిర్రర్ నిలిపి, రెండోది సరిగ్గా పడుతుందో చూసుకుని అప్పుడు వేయండి.

ఫైబర్ బాడీ అయితే: పంచ్ వద్దు, సుత్తి అసలే వద్దు. పైపొర నెర్రెలు బాస్తుంది. బిట్టు కొత్తది, పదునుది ఉండాలి. మొదట డ్రిల్‌ను వెనక్కి తిప్పే స్విచ్‌లో పెట్టి, పైపొరను గీకినట్టు చిన్న గుంట చేయండి. తర్వాత ముందుకు తిప్పుతూ మెల్లగా పోండి. బోల్టు కంటే రంధ్రం అర మిల్లీమీటరైనా పెద్దగా ఉండాలి. బిగుతుగా ఉంటే ఎండకు, అదురుకు అంచుల నుంచి పగుళ్లు మొదలవుతాయి. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు, పూర్తి చేతుల చొక్కా వేసుకోండి. ఆ పొడి ఒంటికి తగిలితే రాత్రంతా గోక్కుంటారు.

నేరుగా రేకులోకి పోయే స్క్రూలు వాడొద్దు, రేకుకైనా ఫైబర్‌కైనా. నెల రోజులు పట్టుకుంటాయి, తర్వాత రంధ్రం సాగి మిర్రర్ తల ఊపుతుంది.

5. రంధ్రానికి తుప్పు పట్టకుండా చూడండి

దీన్ని దాటేసేవాళ్లే ఎక్కువ. ఆకురాయితో అంచుల ముళ్లు తీయండి. అయస్కాంతాన్ని బట్టలో చుట్టి డోరు లోపల తిప్పితే రేకు రజను అతుక్కుని వస్తుంది. ఆ రజను లోపలే ఉంటే మొదటి వానకే తుప్పు మచ్చలు. రంధ్రం అంచులకు లోపలా బయటా ప్రైమర్ రాసి ఆరనిచ్చి, మీద రంగు పూయండి. ఆరేలోపు ఛాయ్ తాగి రండి.

ప్యాడ్ ఎలాగూ ఊడదీశారు కదా, డోరు అడుగున నీళ్లు పోయే సందులు చూడండి. మన దుమ్ము అక్కడ బురదై గడ్డకడుతుంది. సన్నటి తీగతో పొడిచి, ఒక మగ్గు నీళ్లు పోస్తే ధారగా కిందికి పోవాలి. పాత డోర్లు అడుగు నుంచి కుళ్లడానికి సగం కారణం ఈ మూసుకుపోయిన సందులే.

6. బిగించండి

బయట నుంచి వరుస ఇది: మిర్రర్ దిమ్మె, రబ్బరు షీటు, డోరు రేకు, లోపల అల్యూమినియం ముక్క, వాషర్, లాక్ నట్టు. అల్యూమినియం ముక్కకు అవే కొలతల్లో రంధ్రాలు వేసుకోండి. ఇది లేకపోతే బరువంతా రెండు చిన్న వాషర్ల మీద పడి, పల్చటి రేకు అదురుతుంది. ఫైబర్‌కైతే ఈ ముక్క ఇంకా పెద్దది ఉండాలి, దాని వెనక పల్చటి రబ్బరు కూడా వేయండి.

రంధ్రాల చుట్టూ సన్నగా సైలికాన్ పెట్టి, మొదట నట్లను చేత్తోనే బిగించండి. సీట్లో కూర్చుని చూడండి. సరిగ్గా ఉంటే ఒక్కో నట్టును కొంచెం కొంచెం, ఒకటి మార్చి ఒకటి తిప్పుతూ బిగించండి. రబ్బరు అంచు కాస్త ఉబ్బగానే ఆపేయండి. ఇంకో అర చుట్టు తిప్పితే రేకు లోపలికి గుంజుకుపోతుంది, ఆ సొట్ట ఎండ ఏటవాలుగా పడినప్పుడల్లా కనిపించి వెక్కిరిస్తుంది.

ఇప్పుడు గ్లాస్‌ను అంగుళం అంగుళంగా దించండి. బోల్టు కొస తగిలితే గరగరమంటుంది. బోల్టు పొడవెక్కువైతే తీసి కోసుకోండి, గీతలు పడ్డాక కాదు. గ్లాస్ పూర్తిగా దిగి, పూర్తిగా ఎక్కాకే ప్యాడ్ పెట్టండి.

7. అద్దాన్ని సర్దండి, సరిచూడండి

చాలామంది అద్దంలో సగం తమ కారు డోరే కనిపించేలా పెడతారు. మీ కారు ఎక్కడికీ పోదు, దాన్ని చూడనక్కర్లేదు. ఇలా చేయండి: తల లోపలి అద్దం కిందికి వచ్చేలా కారు నడిమికి వంగండి. అక్కడి నుంచి చూస్తే ఎడమ మిర్రర్ అంచులో మీ కారు పక్కభాగం సన్నటి గీతలా కనిపించేలా అద్దాన్ని తిప్పండి. నేల, ఆకాశం కలిసే గీత అద్దం మధ్యలో ఉండాలి. నిటారుగా కూర్చుంటే మీ కారు కనిపించదు, పక్క వరుస కనిపిస్తుంది. మొదట రెండు రోజులు వింతగా ఉంటుంది. మరీ ఇబ్బందైతే కారు వెనక అంచు కొసంత కనిపించేలా పెట్టుకోండి.

పరీక్ష: మీ మనిషిని బైకు మీద కారు వెనక నుంచి ఎడమ పక్కగా మెల్లగా రమ్మనండి. మీరు తల కదపకుండా చూడండి. లోపలి అద్దంలోంచి బైకు పోకముందే ఎడమ మిర్రర్‌లో కనిపించాలి. మిర్రర్‌లోంచి పోకముందే కంటి కొసకు నేరుగా తగలాలి. మధ్యలో బైకు మాయమైతే అద్దాన్ని ఇంకాస్త బయటికి తిప్పండి. అప్పటికీ మాయమైతే అద్దం చిన్నది. దాని మూలలో అంటించే చిన్న ఉబ్బెత్తు అద్దం కొనుక్కోండి.

ఉబ్బెత్తు అద్దంలో అన్నీ చిన్నగా, దూరంగా కనిపిస్తాయి. మిర్యాలగూడ రోడ్డు మీద బియ్యం లారీ "ఇంకా ఆడనే ఉంది" అనిపిస్తుంది, చూస్తే వెనకాలే ఉంటుంది. ఎడమకు జరిగే ముందు లోపలి అద్దంలో కూడా చూసి దూరం సరిపోల్చుకోండి. బండి ఉందా లేదా అన్నది ఎడమ మిర్రర్ చెబుతుంది, ఎంత దూరంలో ఉందో లోపలిది చెబుతుంది.

తర్వాత గంటకు 40, 60 కిలోమీటర్ల వేగంతో నడిపి చూడండి. బొమ్మ వణికితే ముందు ఇంజిన్ ఖాళీగా తిరిగేటప్పుడూ వణుకుతోందా చూడండి. అప్పుడూ వణికితే తప్పు మిర్రర్‌ది కాకపోవచ్చు, ఇంజిన్ కింది రబ్బర్లు పోయి ఉంటాయి. వేగంలోనే వణికితే దిమ్మె కదులుతున్నట్టు. లోపలి ముక్క పెద్దది చేయండి లేదా మిర్రర్ కాడ కీలును బిగించండి.

రంధ్రం పెట్టడానికి మనసొప్పకపోతే

అసలు పెయింట్‌తో మిగిలిన పాత కారైతే నేనూ వద్దనే అంటా. గ్లాస్ ఫ్రేముకు క్లిప్పుతో పట్టే మిర్రర్లు దొరుకుతాయి. పట్టు దగ్గర రబ్బరు వేయకపోతే ఫ్రేము గీసుకుపోతుంది, గతుకుల్లో అద్దం తిరిగిపోతుంటుంది, కానీ ఎప్పుడైనా తీసేయొచ్చు. ఫ్రేములేని టూ సీటర్ డోర్లకు ఇవి కుదరవు.

రెండు దిక్కులా అంటుకునే టేపుతో మిర్రర్ మొత్తాన్ని నిలబెడదామని మాత్రం అనుకోవద్దు. 45 డిగ్రీల ఎండలో నిలిపిన కారు రేకు మీద చెయ్యి పెట్టలేం, ఆ వేడికి గమ్ము ఎంతసేపు ఆగుతుంది? చిట్యాల దాటాక రోడ్డు మీద పడిపోయిన మిర్రర్ కోసం వెనక్కి నడిచిన మనిషి నాకు తెలుసు.

వారం తర్వాత

రబ్బరు అణిగి నట్లు కాస్త వదులవుతాయి. అందుకని బిగించిన రోజే నట్టు మీది నుంచి అల్యూమినియం ముక్క మీదికి గోళ్ల రంగుతో ఒక గీత గీసి పెట్టండి. ఇంట్లో అడిగే తీసుకోండి. వంద కిలోమీటర్లు నడిచాక ప్యాడ్‌ను ఒక మూల లేపి చూడండి. గీత తెగి రెండు ముక్కలుగా కనిపిస్తే నట్టు తిరిగింది, మళ్లీ బిగించి కొత్త గీత గీయండి. గీత కలిసే ఉంటే ప్యాడ్ మూసేయండి.